ఫ్లోర్ ట్రస్ టేబుల్ మీద పని: చేతులు కాపాడుకోవడం ఎలా?

ఖమ్మం కుర్రాడు (ఒంటారియో):
అందరికీ నమస్తే. చదువు అయిపోయి వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఈమధ్యే ఒక ట్రస్ ఫ్యాక్టరీలో చేరాను. ట్రస్ అంటే ఇళ్ల కప్పుకీ అంతస్తుకీ ఆధారంగా పెట్టే చెక్క ఫ్రేము. అంతస్తు ట్రస్‌లు చేసే ఫ్లోర్ లైన్‌లో వేశారు. టేబుల్ మీద టూ బై ఫోర్ చెక్కలను సన్నంచు పైకి వచ్చేలా పేర్చి, ప్రతి జాయింట్‌కి కింద ఒకటి, పైన ఒకటి పళ్లున్న రేకు ప్లేట్ పెట్టి సుత్తితో తడతాం. తర్వాత ప్రెస్ వచ్చి నొక్కుతుంది. పని అర్థమైంది కానీ రెండు విషయాల్లో టెన్షన్‌గా ఉంది. ప్లేట్ పళ్లు గ్లోవ్స్‌లోంచి గుచ్చుకుంటున్నాయి. ఇంకోటి, చెక్కల్ని గాలి ప్రెషర్‌తో బిగించే ఎయిర్ క్లాంప్ మూసుకునేటప్పుడు వెబ్ ముక్క (మధ్యలో వచ్చే చిన్న చెక్క) జారిపోకుండా చేత్తో పట్టుకోమంటున్నాడు లీడ్, అంటే మా లైన్ పెద్ద. స్పీడ్ కోసమట. కాదంటే తీసేస్తారేమోనని భయం. ఈ పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సరదా సుబ్బు:
ఏదైనా గోడౌన్ పనికి మారిపో తమ్ముడూ. వేళ్లు పోయాక పర్మిట్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత!

గోదారి వడ్రంగి:
సుబ్బు గారూ, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టులు ఉండవా ఏంటి? అతను అడిగింది వేరు.

తమ్ముడూ, నేను ఇక్కడ ఫ్లోర్ లైన్‌లో చాలా ఏళ్లు చేశాను, ఇప్పుడు లైన్ చూసుకుంటున్నాను. మా నాన్న వడ్రంగి కాబట్టి చెక్కంటే నాకు చిన్నప్పటి నుంచి చనువే. ఈ రేకు పళ్లతో మాత్రం చనువు పనికిరాదు. కొబ్బరి కోరాం మీద అరచెయ్యి ఆనించినట్టే.

ముందు క్లాంప్ సంగతి. అది మూసుకునేటప్పుడు పై కార్డ్‌కీ కింది కార్డ్‌కీ (ట్రస్‌కి పైనా కిందా ఉండే పొడవాటి చెక్కలు) మధ్య ఎవరి వేలూ ఉండకూడదు. ఇందులో బేరం లేదు. వెబ్ చేత్తో పట్టుకుంటే గానీ నిలవట్లేదంటే తప్పు నీ చేతిది కాదు, రంపం దగ్గరిది. పొడవు తగ్గి ఉంటుంది, కోణం తప్పి ఉంటుంది, లేదా చెక్కే వంకరగా ఉంటుంది. ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి తీసుకో, రంపం అతనికి చూపించు. సరిగ్గా కోసిన వెబ్‌ని కింది ప్లేట్ మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పళ్లు పట్టుకుని అక్కడే ఉంటుంది. క్లాంప్ పట్టాక వెబ్ పక్కకి జరిగితే క్లాంప్ వదిలి, సర్ది, మళ్లీ పట్టాలి. అదీ కొన్ని సెకన్ల పనే. మీ లీడ్ మిగిలిస్తున్న టైమ్ అంతే.

ఇక ప్లేట్లు. పెట్టెలో అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. గుప్పెడు తీసి చేతిలో విడదీయడం మొదలుపెడితే తెగినట్టే. బల్ల మీద తట్టి విడగొట్టి, అంచులు పట్టుకుని ఒక్కొక్కటీ తియ్యి. మామూలు తోలు గ్లోవ్స్ చాలవు. కట్ రెసిస్టెంట్‌వి అడుగు, వేళ్లకి బిగుతుగా ఉండాలి. రంపం దగ్గరికి వెళ్తే మాత్రం గ్లోవ్స్ తీసెయ్యి, తిరిగే బ్లేడ్ వాటిని చేతితో సహా లాక్కుంటుంది. కళ్లద్దాలు షిఫ్ట్ అంతా ఉండాలి. సుత్తి దెబ్బ ప్లేట్ అంచున పడితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

కొత్తవాళ్లకి ఎవరూ చెప్పనిది ఒకటుంది. పేరుకి టూ బై ఫోర్ అయినా మన చెక్క అంచు ఒకటిన్నర అంగుళమే. ప్లేట్ కాస్త పక్కకి జరిగిందంటే ఒక వరస పళ్లు చెక్కలో దిగకుండా గాల్లో వేలాడతాయి. ప్రెస్ అయ్యాక ట్రస్ ఎత్తేవాడి వేళ్లు సరిగ్గా అక్కడికే వెళ్తాయి. జాయింట్ బలం తగ్గడం వేరే గొడవ. అందుకే తట్టే ముందే వంగి పక్కనుంచి ఒకసారి చూడు.

నేల మీద పడ్డ ప్లేట్ పళ్లు పైకి పెట్టుకుని ఉంటుంది. బూట్ల మీద ఆకుపచ్చ త్రికోణం గుర్తు ఉందా చూసుకో. ఆ గుర్తుంటే ముందు భాగంతో పాటు అడుగు కూడా గుచ్చుకోకుండా చేసినట్టు.

ప్రెస్ కదిలే ముందు బటన్ పట్టుకున్నవాడు అరవాలి, టేబుల్ దగ్గర ఉన్న ప్రతివాడూ బదులివ్వాలి. కింద చెక్క ముక్క ఇరుక్కుంటే స్విచ్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టేయకు. కరెంటుకి నీ సొంత తాళం వెయ్యి. గాలి వాల్వ్ కట్టేసినా పైపులో ప్రెషర్ మిగులుతుంది. అది వదిలేసి, గేజ్ సున్నాకి వచ్చాకే చెయ్యి పెట్టు.

బ్రాంప్టన్ అక్క:
నేను ఫుడ్ ప్లాంట్‌లో సేఫ్టీ కమిటీ మెంబర్ని. ఒంటారియో చట్టంలో ప్రమాదం అనిపించిన పని వద్దనే హక్కు ఉంది, వర్క్ పర్మిట్ వాళ్లకి కూడా. ముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలి. ఆయన కార్మికుల తరఫు సేఫ్టీ ప్రతినిధిని పిలిచి, మీ ముందే చూడాలి. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తారు. వద్దన్నందుకు తీసేయడం, గంటలు తగ్గించడం చట్టవిరుద్ధం. చిన్న దెబ్బ తగిలినా ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో రాయించండి. ఇంట్లో తగిలిందని చెప్పమంటే ఒప్పుకోకండి.

ఖమ్మం కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. కానీ నిన్నగాక మొన్న వచ్చి హక్కులంటే లీడ్‌తో మొదట్లోనే చెడుతుంది కదా. మొహం మీద ఏమని చెప్పాలి?

గోదారి వడ్రంగి:
హక్కు మాట మొదటి రోజే ఎత్తక్కర్లేదు. “ఐ విల్ స్టెప్ బ్యాక్, దెన్ యూ క్లాంప్” అను. అని నిజంగానే వెనక్కి జరుగు, చేతులు కనిపించేలా పెట్టు. చాలామంది లీడ్‌లు అక్కడితో ఊరుకుంటారు. ఊరుకోకపోతే అక్క చెప్పిన దారి ఉంది. గ్లోవ్స్ సైజు రేపే మార్పించుకో.