గిఫ్ట్ కార్డు వాడకపోతే నెలనెలా ఫీజు కోసుకోవచ్చా? (అమెరికాలో షాపులున్నవాళ్లు చెప్పండి)

ఫ్రీమాంట్_చీరలు: దీపావళికి మా బొటీక్‌లో గిఫ్ట్ సర్టిఫికెట్లు పెడదామనుకుంటున్నాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన నమూనాలో "6 నెలలు వాడకపోతే నెలకు 3 డాలర్లు ఫీజు" అని ముందే ఉంది. అలాగే ఉంచేయొచ్చా?

డాలస్_పలావ్: ఉంచకండి. 2009 కార్డ్ యాక్ట్ (అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం) రూల్స్ 2010 ఆగస్టు 22 నుంచి అమల్లో ఉన్నాయి. కనీసం 12 నెలలు కార్డులో కదలిక లేకపోతేనే ఫీజు, అదీ నెలకు ఒక్కటే. ఎంత, ఎన్నాళ్లకోసారి అన్నది కార్డు మీదే ఉండాలి, కొనేముందే చెప్పాలి. అందులోని డబ్బు కనీసం 5 ఏళ్లు చెల్లాలి. చిన్న షాపు కదా అని వదిలేయరు.

ఎడిసన్_అక్క: బ్యాలెన్స్ ఎంతుందో చూసుకుంటే కదలిక కింద లెక్క రాదు. డబ్బు పెరగాలి లేదా తగ్గాలి.

ఫ్రీమాంట్_చీరలు: మేం కాగితం మీద అచ్చువేసి ఇస్తాం అక్కా. దానికీ ఇదేనా?

ఎడిసన్_అక్క: అచ్చంగా కాగితమే అయితే ఫెడరల్ రూల్ వర్తించదు. కానీ ఈమెయిల్‌లో కోడ్ పంపి, వాళ్లు ప్రింట్ తీసుకుంటే అది కాగితం కింద రాదు. పైగా రాష్ట్రం చట్టం ఎటూ ఉంటుంది. మా న్యూజెర్సీలో వాడాక 5 డాలర్లలోపు మిగిలితే, అడిగినవాళ్లకి నగదు ఇచ్చేయాలి. నా కౌంటర్‌లో ఐబ్రో త్రెడింగ్ అయ్యాక రెండు డాలర్ల చిల్లర అడిగేవాళ్లు ఉంటూనే ఉంటారు.

బే_ఏరియా_లెక్కలు: అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఆవిడ ఉన్నది కాలిఫోర్నియాలో! ఇక్కడ సివిల్ కోడ్ 1749.5 ప్రకారం డబ్బు తీసుకుని అమ్మిన సర్టిఫికెట్‌కి గడువు పెట్టకూడదు, వాడలేదని ఫీజూ వేయకూడదు. రీలోడ్ కార్డుల్లో (మళ్లీ డబ్బు వేసుకోగలిగేవి) 5 డాలర్లలోపు మిగిలి, 24 నెలలు కదలకపోతే నెలకు ఒక డాలరు అనే మినహాయింపు ఉంది గానీ, మీ కాగితాలకి అది పనికిరాదు. ఆ లైన్ కొట్టేయండి. నన్నడిగితే ఫీజు ఆలోచనే దండగ. మూడు డాలర్లకి ఆశపడితే పట్టుచీర కొనే మనిషి పక్క షాపుకి పోతుంది. ఇంకోటి, సర్టిఫికెట్ అమ్మిన డబ్బు లెక్కల్లో ఆదాయం కాదు, వాళ్లు సరుకు తీసుకునేదాకా మీ బాకీ.

ఫ్రీమాంట్_చీరలు: థాంక్స్ అండీ, తీసేస్తున్నా. మరి పండక్కి ఊరికే ఇచ్చే 20 డాలర్ల కూపన్‌కి?

బే_ఏరియా_లెక్కలు: డబ్బు తీసుకోని ప్రమోషన్ కాబట్టి గడువు పెట్టొచ్చు. ఆ తేదీ ముందు వైపునే, పెద్ద బడి అక్షరాల్లో, కనీసం 10 పాయింట్ల సైజులో ఉండాలి. ప్రమోషన్ అని కూడా వేయించండి. అమ్మే సర్టిఫికెట్‌కీ దీనికీ కాగితం రంగు వేరేగా ఉంటే కౌంటర్‌లో పిల్లలు కంగారుపడరు.