పాత ఆసిలోస్కోప్‌ను బాగుచేయాలా, కొత్తది కొనాలా?

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. యాంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తుంటాను. మా గురువుగారు పని మానుకుంటూ తన టెక్ట్రానిక్స్ 465 ఆసిలోస్కోప్‌ను (వోల్టేజీ మార్పులను తెర మీద గీతగా చూపే యంత్రం) నా చేతిలో పెట్టారు. 1970ల నాటిది, రెండు చానళ్లు, 100 మెగాహెర్ట్జ్. ఏసీ, డీసీ తేడా నాకు కళ్లారా తెలిసింది దాని తెర మీదే.

ఇప్పుడది వేడెక్కగానే గీత వణుకుతోంది. పవర్ సప్లైలో రిపుల్ (డీసీలో మిగిలిపోయే హెచ్చుతగ్గులు) ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ల వయసుకు ఆ రిపుల్‌ను అణిచే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయని నా అనుమానం. వాటినీ, టాంటలం కెపాసిటర్లనూ మారిస్తే సరిపోతుందా? తెర గొట్టం పోతే మాత్రం కొత్తది దొరకదు. నా భయమంతా అదే.

కొత్త డిజిటల్‌వి నాలుగు చానళ్లతో, 12 బిట్ల సూక్ష్మతతో వస్తున్నాయి. ఇన్వర్టర్ ఆన్ అయిన క్షణంలో ఒక్కసారి మెరిసిపోయే పల్స్‌ను పట్టి నిలిపి చూపుతాయి. పాతది అలా దాచి ఉంచలేదు. నా పనిలో సగం అవసరం ఆ పల్స్‌తోనే. అయినా గురువుగారి యంత్రాన్ని అటక మీద పెట్టడానికి మనసొప్పడం లేదు.

ఈ మోడల్‌ను స్వయంగా విప్పినవారు ఉంటే దయచేసి చెప్పండి. ముందు ఏ వోల్టేజీలు కొలవాలి? నమ్మకమైన కెపాసిటర్లు విశాఖపట్నంలో దొరుకుతాయా, లేక బయటి నుంచి తెప్పించుకోవాలా?