పొలంలో కరెంటు లైను లేకుండా చిన్న గది: కట్టుకోవాలా, వద్దా?

చెరువుకట్ట
అందరికీ నమస్కారం. కదిరి దగ్గర మా అమ్మ తరఫున వచ్చిన రెండెకరాల అరవై సెంట్లు నా పేరున ఉంది. ఎర్రనేల, ఒక పాత బావి, గట్టు మీద నాలుగు వేపచెట్లు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికి శని, ఆదివారాలు వచ్చి ఉండడానికి, ఇంకో ఆరేళ్లకు పూర్తిగా వచ్చేయడానికి 200 చదరపు అడుగుల గది కట్టుకోవాలని ఉంది. చేతిలో ఉన్నది మూడు లక్షలు. దగ్గర్లో ఉన్న లైను నుంచి మా పొలానికి ఏడు స్తంభాలు పడతాయి. ఎస్టిమేట్ వేయిస్తే లక్షా డెబ్బై వేలు అన్నారు. అంత స్తంభాలకే పోతే గోడలకు ఏం మిగులుతుంది? అందుకే లైను జోలికి పోకుండా సోలార్ పెట్టుకుందామని ఆలోచన. చేసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లైన్‌మన్
తొందరపడకు బాబూ. ముప్పై ఒక్క ఏళ్లు స్తంభాలు ఎక్కినవాణ్ని. అప్పు చేసైనా లైను తీసుకో. సోలార్ అంటే అందరూ ప్యానెల్ చూపిస్తారు. ప్యానెల్ ఇరవై ఏళ్లు ఉంటుంది, నిజమే. బ్యాటరీ సంగతేంటి? నాలుగైదేళ్లకు ఒకసారి మార్చాలి, మార్చిన ప్రతిసారీ పదిహేను వేలకు పైమాటే. ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు.

ఎర్రమట్టి గోడ
మాది ధర్మవరం వైపు. 2019లో 220 చదరపు అడుగుల గది కట్టాను, ఈరోజుకీ లైను లేదు. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పునాది రాయితో. గోడలకు మా పొలం మట్టే. పైన అడుగు మందం, వేళ్లూ ఆకులూ కలిసిన మట్టి, పక్కకు తీసేశాం. అది పంటకు పనికొస్తుంది, గోడకు పనికిరాదు. దాని కింది ఎర్రమట్టి జల్లించి, కొంత ఇసుక కలిపి, నూటికి ఏడు పాళ్లు సిమెంటు వేసి చేతి ప్రెస్సులో ఇటుకలు కొట్టాం. కాల్చే పని లేదు, మూడు వారాలు తడపాలి, అంతే. మీ మట్టి పనికొస్తుందో లేదో తెలియాలంటే ఒక గాజు సీసాలో సగం మట్టి, సగం నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు వదిలేయండి. ఇసుక అడుగున, బంక పైన వేర్వేరుగా తేరుతాయి. బంక మరీ ఎక్కువుంటే ఇసుక కలపాలి. నల్లరేగడి మాత్రం వద్దు, ఎండితే నెర్రెలిస్తుంది.

కప్పుకు కడప బండలు. దూలాల మీద బండలు పరిచి, పైన సున్నం, ఇటుకముక్కల గచ్చు, దాని మీద తెల్లసున్నం రెండు పూతలు. రేకులు చౌక కానీ ఏప్రిల్‌లో ఆ గదిలో పగలు కూర్చోలేరు. తలుపు, కిటికీలతో కలిపి నాకు అప్పట్లో రెండు లక్షల నలభై వేలు అయింది.

సోలార్: 330 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి. ఆరేళ్లుగా మా ఇంట్లో చీకటి పడలేదు.

వేపచెట్టు నీడ
చెన్నేకొత్తపల్లి దగ్గర తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990 నుంచి బీడు భూమిలో ఉంటూ మట్టి ఇళ్లూ సోలారూ నడుపుతున్నారు. ఒకసారి వెళ్లి చూసి రండి.

రిటైర్డ్ లైన్‌మన్
"ఆరేళ్లుగా చీకటి పడలేదు" అన్నావు తమ్ముడూ. అదే బ్యాటరీనా, మార్చావా?

ఎర్రమట్టి గోడ
2024లో మార్చాను. ఐదేళ్లు వచ్చింది.

రిటైర్డ్ లైన్‌మన్
నేను చెప్పింది అదే కదా.

ఎర్రమట్టి గోడ
అన్నా, లెక్క పూర్తిగా చూద్దాం. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే కరెంటు తక్కువ తినే రకం, 30 వాట్లు, పది గంటలు తిరిగితే 300 వాట్-గంటలు. తొమ్మిది వాట్ల బల్బులు మూడు, ఐదు గంటలు: 135. రెండు ఫోన్లు, ఒక రేడియో కలిపి 40 అనుకోండి. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్టు కదా, రోజుకు అర యూనిట్టు కూడా దాటదు. 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే బ్యాటరీలో 1,800 వాట్-గంటలు ఉంటాయి, సగమే వాడినా 900. అంటే ఒక రోజు ఎండ రాకపోయినా గడుస్తుంది, రెండో రోజు ఫ్యాను కాస్త తగ్గిస్తే చాలు. మన ఎండకు ఆ ప్యానెల్ రోజుకు ఒక యూనిట్టుకు పైగా ఇస్తుంది. బ్యాటరీ ఖర్చు నెలకు మూడు వందల లోపే. ఏడు స్తంభాల డబ్బుతో యాభై ఏళ్లు బ్యాటరీలు కొనొచ్చు.

రిటైర్డ్ లైన్‌మన్
నీ లెక్కలో ఫ్రిజ్ లేదు. మిక్సీ లేదు. బావిలో మోటారు లేదు. ఒక్క హెచ్‌పీ మోటారు అంటేనే 746 వాట్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మా బావమరిది నీలాగే లెక్కలు వేసి ఇన్వర్టర్ పెట్టాడు. అమ్మిన షాపువాడు డిస్టిల్డ్ వాటర్ పోయాలని కూడా చెప్పలేదు. రెండేళ్లకు ప్లేట్లు చెడిపోయాయి. వారంటీ అడిగితే ఆ మోడల్ ఇప్పుడు లేదన్నారు. ఆ వేసవిలో మా చెల్లెలు నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో రాత్రంతా విసురుతూ కూర్చుంది. నేను కళ్లారా చూశాను. బ్యాటరీని నమ్మకండి.

సుభద్ర అనంతపురం
ఇంతసేపూ బ్యాటరీ గురించే మాట్లాడుతున్నారు. చెరువుకట్ట గారూ, మరుగుదొడ్డి ఎక్కడ? తాగేనీళ్లు ఎక్కడివి? మీ ఇంట్లో ఆవిడ ఏమన్నారు? మీ పోస్టులో ఆ మాటే లేదు.

రెండు గుంతల మరుగుదొడ్డి కట్టించండి. ఒకటి నిండాక మూసేసి రెండోదానికి మార్చుకుంటే, ఏడాదికి పైగా ఆగాక మొదటిదాన్లో ఉన్నది ఎండి ఎరువవుతుంది. బావికి బాగా దూరంగా, పల్లం వైపు పెట్టించండి. ఇంటి కప్పు మీద పడే వాన వదలొద్దు. 200 చదరపు అడుగులంటే సుమారు పద్దెనిమిదిన్నర చదరపు మీటర్లు. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు పడితే ఒక లీటరు. వృథా పోగా ఎనిమిది వేల లీటర్లు చేతికొస్తాయి. ఇద్దరు రోజుకు అరవై లీటర్లు వాడుకుంటే నాలుగు నెలల పైన సరిపోతాయి. బ్యాటరీ లేకపోతే దీపం పెట్టుకుంటారు. నీళ్లు లేకపోతే ఏం చేస్తారు?

కొత్త సభ్యుడు 77
కేంద్రం ఇంటి సోలార్‌కు ఇచ్చే సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ వస్తుంది కదా, అది తీసుకోండి.

వేపచెట్టు నీడ
2024లో వచ్చిన ఆ పథకం లైనుకు కలిపి పెట్టే ఇంటి సోలార్‌కు మాత్రమే. 78,000 కూడా మూడు కిలోవాట్లు, ఆపైన పెడితేనే. లైనే లేని గదికి రాదు.

నాగులకుంట
కింద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కరిచిన చోట వాపు కూడా పెద్దగా ఉండదు. మంచం, దోమతెర, గట్టిగా మూసుకునే తలుపు తప్పనిసరి. పాముకాటు మందు దొరికే ఆసుపత్రి ఎంత దూరమో ముందే చూసి పెట్టుకోండి.

పట్టాదారు
భూమి అమ్మగారి తరఫుదంటున్నారు. వారికి అసైన్డ్ భూమిగా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) వచ్చిందా, సొంత పట్టానా? పాత కాగితాలు చూసుకోండి. అసైన్డ్ భూములు చేతులు మారకూడదన్న 1977 చట్టం వల్ల వాటి మీద చిక్కులు చాలా వచ్చాయి. కట్టే ముందు తహసీల్దారు ఆఫీసులోనూ పంచాయతీలోనూ అడిగి, అనుమతి కాగితం చేతికి తీసుకోండి.

చెరువుకట్ట
సొంత పట్టానే అండి. సుభద్ర గారూ, మా ఆవిడకు రాత్రిపూట అక్కడ ఉండటం అంటే భయం. ఆ మాట నేను దాటవేశాను, నిజమే. బావిలో నీళ్లు డిసెంబరు దాకా ఉంటాయి. మోటారు అక్కర్లేదు, చేద చాలనుకున్నాను. పక్క పొలంలో వ్యవసాయ మోటారు ఉంది, అక్కణ్నుంచి ఒక వైరు లాక్కోమని ఒకరు సలహా ఇచ్చారు.

రిటైర్డ్ లైన్‌మన్
ఆ పని చెయ్యొద్దు. వ్యవసాయ సర్వీసు ఇంటికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద కేసు రాసి రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. ఆ రైతు మీద పడుతుంది, వాడుకున్న నీ మీదా పడొచ్చు. అయినా ఇంత తిరుగుడు దేనికి? లైను తీసుకో.

ఎర్రమట్టి గోడ
అన్నా, ఎవరేం చెప్పినా "లైను తీసుకో" అన్న ఒక్క మాటే. లైను వచ్చాక ఏం జరుగుతుందో మీకు తెలియదా? నాకు తెలుసు, మా ఇంట్లో జరిగింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు అన్నారు. మా పొలం దాకా లైను వచ్చింది. మా నాన్న సంతోషంతో చీనీ (బత్తాయి) తోట పెట్టారు, బోరు వేశారు. పక్కన ఇంకొకరు వేశారు, ఆ పక్కన ఇంకొకరు. నాలుగేళ్లలో మా నలభై అడుగుల బావి ఎండిపోయింది. నాన్న ఆరు బోర్లు వేశారు, చివరిది 700 అడుగులు. నాలుగింట్లో దుమ్మే వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన ప్రతిసారీ అందరం చందాలు వేసుకుని ట్రాక్టర్ మీద మేమే మోసుకెళ్లాం. కాయ మీదున్న చీనీ చెట్లను నరికి కట్టెలకు అమ్మాం. ఆ అప్పు నేను బెంగళూరు జీతంతో పదకొండేళ్లు తీర్చాను. మా పొలానికి స్తంభం వద్దని నేను ఊరికే అనలేదు.

రిటైర్డ్ లైన్‌మన్
మీ తోట ఎండినందుకు నాకు బాధే. నీ కష్టాన్ని తక్కువ చేయను. కానీ తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. నీకు జీతం ఉంది, అందుకే స్తంభం వద్దని అనగలిగావు. వానను నమ్ముకున్నవాడు ఆ మాట ఎలా అంటాడు? నేను తండాల్లోకి లైన్లు లాగాను. బల్బు వెలిగిన రోజు ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుని వదల్లేదు. లైను ఎప్పుడూ ఒక్కరి కోసం రాదు. ముందు ఒకరు డబ్బు కడితే, ఆ వెనకున్నవాళ్లకు అదే స్తంభం నుంచి తక్కువలో అందుతుంది. ఇల్లు కట్టే స్తోమత ఉన్న ప్రతివాడూ ప్యానెల్ పెట్టుకుని పక్కకు తప్పుకుంటే, ఆ ఏడు స్తంభాల అవతలివాడికి ఇక ఎప్పటికీ రాదు. చెరువుకట్టా, నీ పొలం దాటి ఎవరున్నారు? ఎందుకో నువ్వు ఆ మాట చెప్పడం లేదు.

చెరువుకట్ట
రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు.

ఉన్నారండి. ముగ్గురు రైతులు. వర్షాధారం చెనక్కాయ, ఒక్కొక్కరికి మూడు నాలుగెకరాలు. నేను గది కడుతున్నానని తెలిసి పోయిన నెల ఇంటికి వచ్చారు. "నువ్వు లైను తెప్పిస్తే మేమూ బోర్లు వేసుకుంటాం సామీ, మా వంతు తర్వాత ఇస్తాం" అన్నారు. వాళ్లలో ఒకాయన మా అమ్మకు వరసకు తమ్ముడు అవుతాడు. నేను చూద్దాంలే మామా అని పంపించాను. అప్పుడే ఇక్కడికొచ్చి సోలార్ గురించి అడిగాను. డబ్బు చాలదన్నది నిజం. వాళ్లకు కాదని నా నోటితో చెప్పలేకపోవడం కూడా నిజం.

ఎర్రమట్టి గోడ
మూడు బోర్లు పడితే మీ బావి ఉండదు. డిసెంబరు దాకా ఉన్న నీళ్లు సెప్టెంబరుకే పోతాయి. మీరు వద్దంటే చెడ్డవారవుతారు, తెస్తే బావి పోగొట్టుకుంటారు. మూడు లక్షలున్న మనిషి మీద ఆ బరువంతా పెట్టడం న్యాయం కాదన్నా.

రిటైర్డ్ లైన్‌మన్
బావిలో నీళ్లు భూమిలోవి, ఆయన ఒక్కడివీ కాదు. తాను తోడుకోవచ్చు, వాళ్లు తోడుకోకూడదంటే ఎలా?

ఎర్రమట్టి గోడ
చేదతో తోడడం, 700 అడుగుల నుంచి తోడడం ఒకటేనా?

సుభద్ర అనంతపురం
ఇద్దరూ ఆగండి. వాళ్లకు కావలసింది బోరే అని ఎవరన్నారు? చెనక్కాయ పూత మీదున్నప్పుడు వాన వెనక్కి పోతే ఒకటి రెండు తడులు ఇస్తే పంట నిలబడుతుంది. మా నాన్న అదే చేసేవారు, ఫారం పాండ్ నీళ్లతో, అంటే పొలంలో వాననీటికి తవ్వుకున్న కుంట. కుంటలు తవ్వుకుంటే చిన్న డీజిల్ ఇంజిన్ చాలు. వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా మీరు మీరు తేల్చేస్తున్నారు.

రిటైర్డ్ లైన్‌మన్
కుంట సంగతి నేను ఆలోచించలేదమ్మా. ఇళ్లలో వెలుతురుకైతే సింగిల్ ఫేజు చాలు, త్రీ ఫేజు మోటార్లు వేరే విషయం. చెరువుకట్టా, ఆ ఎస్టిమేట్ ఏ వైపు స్తంభం నుంచి వేశారో చూడు. ఊరివైపు నుంచి వేస్తే ఒక్కోసారి రెండు స్తంభాలు తగ్గుతాయి. కాగితం ఫోటో తీసి, పేర్లు కనపడకుండా ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.

చెరువుకట్ట
పెడతానండి. ఆదివారం మామ ఇంటికి వెళ్తున్నాను, మిగతా ఇద్దరినీ అక్కడికే రమ్మన్నాను. మా ఆవిడ కూడా వస్తానంది. బావి, కుంట, లైను మూడూ వాళ్ల ముందే మాట్లాడతాను. గది పునాది మాత్రం ఆపను, రాయి రేపే దిగుతోంది.

ఎర్రమట్టి గోడ
మట్టి సీసాలో వేసి చూశారా? ఇటుకలు కొట్టడం మార్చిలో మొదలుపెట్టినా బండలు జూన్ లోపు ఎక్కించాలి. నా దగ్గర చేతి ప్రెస్సు ఖాళీగా ఉంది. ట్రాక్టర్ మీరు పంపండి, అద్దె వద్దు.