సివిల్ మొదటి ఏడాది విద్యార్థినిని: కాలువ నీటి గురించి ఇప్పుడే ఏం నేర్చుకోవచ్చు?

ప్రశ్న

నమస్కారం. నేను ఈ ఏడాది కాకినాడలో బీటెక్ సివిల్ ఇంజినీరింగులో చేరాను. మాది కోనసీమలో కాట్రేనికోన వైపు, గోదావరి మధ్య డెల్టా కాలువకు శివారున ఉన్న ఊరు. నాన్నగారు మూడెకరాల్లో వరి వేస్తారు. దాళ్వా (రెండో పంట) చివర్లో వంతులవారీగా నీరు వదిలినప్పుడు మా వంతు అర్ధరాత్రి వస్తే, ఆయన టార్చిలైటు పట్టుకొని తూము దగ్గర కూర్చునేవారు. నేను క్యారేజీలో అన్నం తీసుకువెళ్లేదాన్ని. లాకుల దగ్గర నిండుగా పారే కాలువ మా తూము దగ్గరికి వచ్చేసరికి చీలమండ లోతుకు ఎందుకు పడిపోతుందో తెలుసుకోవాలన్న కోరిక అప్పటిదే. వచ్చిన ర్యాంకుకు కంప్యూటర్ సైన్సు సీటు దొరికేదే అయినా సివిల్ ఎంచుకున్నది అందుకే. అయితే మొదటి ఏడాదిలో గణితం, డ్రాయింగు, ప్రోగ్రామింగు ఉన్నాయి గానీ నీటి ఊసే లేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్ వచ్చేలోగా నేను సొంతంగా ఏం చేయవచ్చో పెద్దలు చెప్పగలరా?

మొదటి సమాధానం

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో డీఈ (డిప్యూటీ ఇంజినీరు)గా పనిచేసి రిటైరయ్యాను. ముందు ధవళేశ్వరం వెళ్లి, 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో కట్టిన 175 గేట్ల బ్యారేజీని ఒక పూట నిదానంగా చూడు. డెల్టా నేల దాదాపు బల్లపరుపు కాబట్టి, అక్కడ పైకెత్తి నిలిపిన నీటిని కొద్దిపాటి వాలుతోనే మీ ఊరిదాకా నడిపించాలి.

ఆ తరువాత మీ కాలువనే కొలువు. తిన్నగా ఉన్నచోట అరవై అడుగుల దూరానికి రెండు కర్రలు పాతి, నిమ్మకాయను నడిమధ్యన వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడు. నలభై సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు ఒకటిన్నర అడుగులు. అడుగున, గట్ల పక్కన నీరు నెమ్మదిగా సాగుతుంది గనుక దానిని 0.85తో గుణించాలి. కాలువ పది అడుగుల వెడల్పు, సగటున రెండడుగుల లోతు ఉంటే, ఆ వేగాన్ని వెడల్పుతోనూ లోతుతోనూ గుణిస్తే ప్రవాహం సుమారు 25 క్యూసెక్కులని, అంటే సెకనుకు 25 ఘనపుటడుగులని తేలుతుంది. లోతును మధ్యలో ఒక్కచోటే కాక, అడ్డంగా ఐదారు చోట్ల తీసుకో. లోతు కొలవడానికి ఒంటరిగా మాత్రం దిగవద్దు.

రెండవ సమాధానం

నేను నీటి వనరుల విభాగంలో ఎంటెక్ చేస్తున్నాను. డీఈ గారు చెప్పినదానికి ఒక్కటే చేర్చాలనుకుంటున్నాను: ప్రవాహంతోపాటు గుర్రపుడెక్క ఎక్కడెక్కడ పేరుకుందో కూడా రాసుకోండి. కాలువలో నీటి వేగాన్ని లెక్కించే మ్యానింగ్ సూత్రం ప్రకారం, లోతూ వాలూ మారకుండా ఇలాంటి మొక్కల వల్ల కాలువ గరుకుతనం రెట్టింపైతే వేగం సగానికి పడిపోతుంది. అలా అడ్డుపడ్డ నీరు పైభాగంలో మట్టం పెరిగేలా చేస్తుంది, మట్టం పెరిగితే అక్కడి తూములు ఎవరూ ముట్టుకోకుండానే ఎక్కువ నీటిని లాగుతాయి. పై రైతులు నీరు దొంగిలిస్తున్నారని శివారు వాళ్లు అనుకునే సందర్భాల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే కావచ్చు. మీ డ్రాయింగు తరగతిలో కాలువ అడ్డుకోత గీసి చూడండి, ప్రోగ్రామింగు తరగతిలో ఈ లెక్కనే రాయండి. ఆ రెండు సబ్జెక్టులూ నీటికి దూరమైనవి కావు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారు టేపు పట్టుకోగా రెండు చోట్ల కొలిచాను. పైనున్న వంతెన దాటాక 25 క్యూసెక్కులు, మా తూముకు ఎగువన దాదాపు 7 వచ్చాయి. మధ్యలో నాలుగు తూములు ఉన్నాయి. రెండో తూముకు దిగువన ఉన్న చిన్న వంతెన కానాల్లో (నీరు పారే కంతల్లో) గుర్రపుడెక్క గట్టుకు గట్టు అల్లుకొని ఉంది, దానికి పైన నీటి మట్టం కింద కంటే జానెడు ఎత్తున కనిపించింది. కాలువను చూసుకునే లస్కరు గారు దాన్ని వచ్చే వారం తీయిస్తామన్నారు. తీశాక అవే చోట్ల, అదే కొలతలతో మళ్లీ చూడాలనుకుంటున్నాను; ఆ రోజు నాలుగు తూముల షట్టర్లు ఎంతెంత ఎత్తి ఉన్నాయో కూడా రాసుకుంటే సరిపోతుందా, ఇంకేమైనా గమనించాలా?