అప్‌డేట్: మెలోట్రాన్ ప్లగిన్‌లో స్ట్రింగ్స్ మధ్యలో ఆగిపోవడం

మెలోట్రాన్ (కీ నొక్కితే టేపు మీది రికార్డింగ్ పలికే పాత వాద్యం) కంప్యూటర్ ప్లగిన్‌లో కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాలు) పట్టుకుంటే కాసేపటికి స్ట్రింగ్స్ (వయొలిన్ల శబ్దం) ఠక్కున ఆగిపోతున్నాయని, 61 కీల కంట్రోలర్‌ కీబోర్డులో రెండు చివర్లూ పలకడం లేదని అడిగాను. రెండూ ప్లగిన్ లోపాలు కావు. అసలు మెలోట్రాన్ ఎం400 మోడల్ యంత్రంలో ఉన్నవి 35 కీలే, జీ2 స్వరం నుంచి ఎఫ్5 స్వరం వరకు. ఒక్కో కీకి ఒక్కో టేపు ముక్క, నిడివి సుమారు 8 సెకన్లు. టేపు అయిపోతే శబ్దమూ అయిపోయినట్టే. సస్టెయిన్ పెడల్ తొక్కినా లాభం లేదు.

లూప్ ఆప్షన్ (శబ్దాన్ని ఆగకుండా తిప్పి తిప్పి వినిపించేది) ఉంది గానీ, అది పెడితే వాద్యం ప్రాణమే పోతోంది. దానికంటే ఆరో సెకను దగ్గర మధ్య స్వరం, తర్వాత కింది స్వరం, చివరికి పై స్వరం విడివిడిగా వదిలి మళ్లీ నొక్కడం నయం. మిడీలో (కంప్యూటర్‌లో స్వరాలు రాసుకునే పద్ధతి) గీసేటప్పుడు వదిలిన నోటుకీ, మళ్లీ నొక్కిన నోటుకీ మధ్య కాస్త ఖాళీ ఉంచాలి.

వెలాసిటీ (కీ నొక్కే బలం) 100 దగ్గర స్థిరంగా పెట్టాను. శబ్దంలో వచ్చిన చిటపటలు బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి సిద్ధం చేసుకునే శబ్దం ముక్క) 256 శాంపిళ్లకి పెంచగానే పోయాయి. 48 కిలోహెర్ట్జ్‌లో ఆ ఆలస్యం 5.3 మిల్లీసెకన్లే. విశాఖ ఉప్పుగాలిలో అసలు యంత్రమే కొనమన్న సలహాకు మాత్రం దండం! నాదస్వరం పక్కన వాడితే ఫ్లటర్ (టేపు వేగంలో వచ్చే వణుకు) సగానికి తగ్గించండి, లేకపోతే శ్రుతి తప్పినట్టుంటుంది.