క్రాస్ ఎగ్జామినేషన్ ఎప్పుడూ వాయిదాయే, దీని మీద హైకోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న:
మా అన్నయ్య హత్య కేసు సెషన్స్ కోర్టులో నడుస్తోంది, 2023లోనే ముద్దాయి మీద ఛార్జీలు (అభియోగాలు) ఫ్రేమ్ అయ్యాయి. కళ్లారా చూసింది మా వదినే. ఆవిడ చీఫ్ (మన పక్షం వాళ్లు అడిగి చెప్పించే సాక్ష్యం) అయిపోయింది కానీ క్రాస్ (ముద్దాయి లాయరు ఎదురు ప్రశ్నలు వేయడం) మాత్రం జరగనివ్వడం లేదు. పిలిచినప్పుడల్లా ముద్దాయి తరఫు జూనియర్ లేచి, సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, టైమ్ కావాలంటాడు, పి.పి. (ప్రభుత్వ లాయరు) గారు ఏమీ అనరు, వాయిదా పడిపోతుంది. ఈలోగా రాజీపడమని వదినకు కబుర్లు పంపుతున్నారు. ఆవిడ టెన్షన్ చూడలేకపోతున్నాం. ఈ వాయిదా ఆర్డర్ మీద హైకోర్టులో రివిజన్ (ఆర్డర్‌ను సరిచూడమని పిటిషన్) వేయొచ్చా?

జవాబు 1:
రివిజన్ నిలబడదండి. వాయిదా మధ్యంతర ఉత్తర్వు (కేసు తేల్చకుండా మధ్యలో ఇచ్చేది) కిందికి వస్తుంది, దాని మీద రివిజన్‌కు సి.ఆర్.పి.సి. (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 397(2) సెక్షన్ అడ్డం. 1977లో అమర్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. కానీ 309 సెక్షన్ మీ పక్షాన ఉంది (కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నాటికే విచారణ నడుస్తోంది కాబట్టి మీకు పాత చట్టం సి.ఆర్.పి.సి.నే, కొత్తదాంట్లో ఇది 346). లాయరు వేరే కోర్టులో ఉన్నారన్నది వాయిదాకు కారణమే కాదని అందులోనే రాసి ఉంది. సాక్షి హాజరై ఉన్నా లాయరు రాకపోతే, వచ్చినా సిద్ధంగా లేకపోతే, జడ్జిగారు క్రాస్ లేకుండానే ముందుకు వెళ్లొచ్చు, వాయిదా ఇస్తే ఖర్చులు కట్టించొచ్చు. ఇవన్నీ చూపిస్తూ పి.పి. ద్వారా అభ్యంతరం రాతపూర్వకంగా వేయించండి, నోటిమాటగా చెప్పింది రికార్డులో మిగలదు. ఆయన కదలకపోతే మీరు సొంత లాయర్ని పెట్టుకుని, పి.పి.కి సహాయంగా ఉండేందుకు కోర్టు అనుమతి అడగండి.

జవాబు 2:
పైవారు చెప్పింది నిజమే గానీ, అక్కడితో ఆగక్కర్లేదు. అభ్యంతరం వేశాక కూడా వాయిదా ఇస్తే ఆ రోజు డాకెట్ ఆర్డర్ (కేసు ఫైల్లో జడ్జిగారు రాసిన ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ తీసుకుని, హైకోర్టుకున్న సహజాధికారాల కింద (పాత చట్టంలో 482, కొత్తదాంట్లో 528) అక్కడికి వెళ్లండి. కారణాలు రాయకుండా 'సమయం కోరారు, ఇచ్చాం' అని ఒక్క ముక్క రాసి ఉంటే అదే మీకు బలం. వినోద్ కుమార్ కేసులో (2015) చీఫ్ అయ్యాక నెలల తరబడి క్రాస్ వాయిదా వేస్తే సాక్షి ఎలా మాట మార్చేశాడో సుప్రీంకోర్టు చాలా గట్టిగా రాసింది, అది జతచేయండి.

జవాబు 3:
ఒక్కటి గమనించండి, ఫలానా తేదీలోపు కేసు తేల్చమని మామూలుగా గడువు పెట్టొద్దని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాబట్టి మొత్తం కేసుకు గడువు అడిగే బదులు, ఈ ఒక్క సాక్షి క్రాస్ వెంటనే ముగించాలని మాత్రం అడగండి. ఇక ఆ రాజీ కబుర్లను మాత్రం వచ్చే వాయిదా దాకా నానబెట్టకండి. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టి ఫిర్యాదు ఇవ్వండి. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది, దాని కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్ అండి. రక్షణ పథకం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, దరఖాస్తు ముందు పెట్టేస్తాం. పి.పి. గారు అభ్యంతరం వేయనంటే మా లాయరుతోనే అడిగిస్తాం.