మరణవార్త చెప్పడం అంబులెన్స్ సిబ్బంది పనేనా?

చర్చ ప్రారంభించినవారు:
నిరుడు మా పెదనాన్నగారు తెల్లవారుజామున పెరట్లో కుప్పకూలారు. అంబులెన్స్‌లో వచ్చిన అబ్బాయి ఆయన ఛాతీని నొక్కుతూ చాలాసేపు శ్రమపడి, చివరికి మా పెద్దమ్మ ముఖం చూడకుండానే "సీరియస్‌గా ఉంది, ఆసుపత్రికి తీసుకెళదాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని ఆమె దారి పొడవునా ఆయన అరికాళ్లు రుద్దుతూనే కూర్చుంది. అతని శ్రమకు వంక పెట్టను. అయితే ఇలాంటి ఘడియలో కుటుంబంతో ఎలా మాట్లాడాలో కూడా ఈ సిబ్బందికి నేర్పాలని నా వాదన.

వ్యతిరేకిస్తున్నవారు:
మరణాన్ని ధ్రువీకరించవలసింది వైద్యుడే. అంబులెన్స్‌లో వచ్చే అత్యవసర వైద్య సహాయకుడు (ఈఎంటీ) ముందే నోరు జారితే, "చెప్పడానికి నువ్వెవరు?" అని పదిమంది మీదపడినప్పుడు అతన్ని కాపాడేది ఎవరు? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ నిమిషాలతో పోటీపడే సేవ. మరోచోట ఎవరో ఎదురుచూస్తుండగా వాహనాన్ని ఓదార్పు కోసం నిలపలేము. పైగా చావు కబురు తెలిసిన కాసేపటికే వాడంతా వచ్చి చేరే ఊళ్లు మనవి.

గతంలో ఈఎంటీగా పనిచేసినవారు:
ఓదార్పు వాడకట్టు పనేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఇక్కడ అడుగుతున్నది ఓదార్పు కాదు. "సీరియస్‌గా ఉంది" అన్నది మా డాలు. నేనూ ఎన్నోసార్లు దాన్ని అడ్డం పెట్టుకున్నాను. మరణాన్ని ప్రకటించడానికీ, లేని ఆశ కల్పించడానికీ మధ్య చాలా చోటుంది. "గుండె ఆగిపోయి ఉందమ్మా, మేము చేయగలిగినదంతా చేస్తున్నాము, ఇంతవరకూ కొట్టుకోలేదు, డాక్టరుగారు చూసి చెబుతారు" అంటే ఏ నిబంధననూ మీరినట్టు కాదు.

అమెరికాలో పారామెడిక్‌లు వైద్యుని అనుమతితో గుండెను తిరిగి కొట్టుకునేలా చేసే ప్రయత్నాన్ని ఇంటివద్దే ఆపవచ్చు కాబట్టి, అత్యవసర వైద్యుల కోసం రూపొందిన 'గ్రీవింగ్' అనే పద్ధతిని తరువాత వారికి కూడా నేర్పి చూశారు. కుటుంబాన్ని ఒకచోట చేర్చడం, జరిగింది వివరించడం, "చనిపోయారు" అని డొంకతిరుగుడు లేకుండా చెప్పడం, ఆ తరువాత కాసేపు మౌనంగా ఉండడం అందులోని మెట్లు. (అన్నిటికన్నా కష్టమైనది ఆ మౌనమే; చేతులు ఊరుకోవు, ఆక్సిజన్ గొట్టం చుట్టబెట్టడానికి పోతాయి.) మన నిబంధనలు వేరు కనుక దాన్ని యథాతథంగా తెచ్చుకోలేము. అయినా రోడ్డు ప్రమాదమైతే పంచనామా, పోస్టుమార్టం ఉంటాయనీ, భౌతికకాయం వెంటనే ఇంటికి రాదనీ, ప్రభుత్వాసుపత్రి నుంచి ఉచితంగా తీసుకెళ్లడానికి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలు, తెలంగాణలో పార్థివ వాహనాలు ఉన్నాయనీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరకక ప్రైవేటు వాహనం మాట్లాడుకొని అప్పులపాలైనవారిని చూశాను.

వ్యతిరేకిస్తున్నవారు:
ఆ రెండు నిమిషాల వరకు అంగీకరిస్తాను, ఒక షరతు మీద. ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో శాఖే రాతపూర్వకంగా ఇవ్వాలి. గొడవ జరిగితే ఈఎంటీని ఒంటరిగా వదిలేయకూడదు. చంటిబిడ్డ చేతుల్లో పోయిన మరుక్షణమే తరువాతి కాల్‌కు పరుగెత్తవలసిన మనిషికి కనీసం మంచినీళ్లు తాగే వ్యవధి కూడా ఆ కాగితంలో రాయించండి.